చెప్పులు బయటే విడవండి

1994 జూన్ 6, సోమవారం. బెంగళూరు నుంచి పోయే హోసూరు రోడ్డు మీద, చందాపురకు కొంచెం ఇవతల ఉన్న ఒక ఆసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్‌గా చేరిన రోజు. చేరగానే చేయించిన మొదటి పని ఒక బోర్డు. తెల్ల పలక మీద నీలం అక్షరాలు, కన్నడంలో, తెలుగులో, తమిళంలో: ‘చెప్పులు బయటే విడవండి.’ బోర్డు కింద మూడు అరల చెక్క స్టాండు. అరకు పన్నెండు జతల చొప్పున ముప్పై ఆరు జతలు పడతాయి. వార్డులో మంచాలు ముప్పై రెండు. మిగిలిన నాలుగు జతల చోటు చూడ్డానికి వచ్చే బంధువులకు సరిపోతుందని నేను లెక్క వేశాను. ఒక్కో రోగికి ఎంతమంది బంధువులుంటారో అప్పటికి నాకు తెలియదు.

ఆ బోర్డంటే నాకు గర్వంగా ఉండేది. నేల అద్దంలా ఉండేది. స్టాండు దగ్గర చెప్పులు వరస తప్పితే ఆయాను పిలిచి సర్దించేదాన్ని. ఆమె ఆనేకల్లు పక్క తెలుగు మనిషి, నాకన్నా ఏడాది పెద్ద, నోరు కూడా నాకన్నా పెద్దదే. “చెప్పులకు కూడా అటెండెన్సు ఏస్తావా సిస్టర్?” అనేది. వేసేదాన్నేమో, పని తక్కువ ఉంటే.

ఆ బోర్డు నాలుగేళ్ళ మూడు నెలల నాలుగు రోజులు ఉంది. తర్వాత దాన్ని నేనే దింపించాను. ఎందుకు దింపించానో ఇప్పుడు నర్సింగ్ చదువుతున్న పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను. తేదీలూ అంకెలూ నా పుస్తకాల్లోంచి తీసినవే. మనుషుల పేర్లు మాత్రం రాయను.

1998 ఫిబ్రవరిలో ఒక సెంట్రింగ్ మేస్త్రీ డ్రెస్సింగ్ గదికి వచ్చాడు. కదిరి పక్క మనిషి, యాభై రెండేళ్ళు. కాంక్రీటు పోసే ముందు పలకలు పరిచి, కింద గుంజలు నిలబెట్టే పని. ఎలక్ట్రానిక్ సిటీలో అప్పుడు లేస్తున్న కట్టడాల మీద అతని మనుషులు పది మంది ఉండేవాళ్ళు. తొమ్మిదేళ్ళుగా షుగరు. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, పొక్కు చితికి చిన్న పుండు పడింది. “నొప్పి మాత్రం లేదమ్మా” అన్నాడు, అదేదో మంచి మాటలాగా.

“నొప్పి లేదని సంతోషపడకు మేస్త్రీ. షుగరుకు నీ అరికాలు మొద్దుబారింది. ముల్లు గుచ్చుకున్నా నీకు తెలియదు. ఇవాళ్టి నుంచి చెప్పులు లేకుండా ఒక్క అడుగు వేయకూడదు. ఇంట్లో కూడా. అడుగు మందంగా, గట్టిగా ఉన్న చెప్పులు వేసుకో.”

“పలకల మీద చెప్పులేసుకుంటే జారుతాదమ్మా. వేళ్ళతోనే కదా మాకు పట్టు.”

“జారితే మెల్లగా నడువు.”

అతను నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

మార్చి 9న మళ్ళీ వచ్చాడు. పుండు పెద్దదైంది, పాదం చల్లగా ఉంది. మోకాలి కింద రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. అంతకు ముందు అలాంటి కాలు మా వార్డుకు వస్తే ఒకటే దారి ఉండేది, తీసేయడం. అయితే ఆ ఏడాది జనవరిలో మాకు ఒక చిన్న డాక్టరు వచ్చాడు. గుంటూరు పక్క అబ్బాయి, ముప్పై మూడేళ్ళు, పాదం దాకా బైపాస్ చేయడం నేర్చుకుని వచ్చినవాడు. రోగి కాలిలోంచే ఒక సిర తీసి, మూసుకున్న చోటు దాటించి, కింద అగ్గిపుల్లంత నాళానికి వెంట్రుకంత దారంతో కుట్టాలి. మార్చి 19, గురువారం, మేస్త్రీకి ఆ ఆపరేషన్ చేశాడు. ఐదు గంటల నలభై నిమిషాలు పట్టింది. మా పెద్ద డాక్టరు మధ్యలో రెండుసార్లు తలుపు తీసి చూసి, “ఇంకా కుట్టే పనేనా? ఈ పాటికి నేను మూడు కాళ్ళు తీసి కాఫీ తాగేవాణ్ణి” అని వెళ్ళాడు. ఆయన చేతివేగం మొత్తం బెంగళూరుకు తెలుసు. ఆ మాటలో అబద్ధం లేదు.

చిన్న డాక్టరు దగ్గర పెన్నులాంటి కొన ఉన్న ఒక చిన్న యంత్రం ఉండేది. పాదం మీద ఆనిస్తే నాళంలో రక్తం పోయే చప్పుడు బయటికి వినిపిస్తుంది. ఆపరేషన్ ముందు ఏమీ వినిపించని చోట, మర్నాడు హుష్, హుష్ అని మొదలైంది. మేస్త్రీ తల ఎత్తి విన్నాడు.

“నా కాల్లో రైలు పోతాండాది సార్.”

“పోనీండి, ఆగకుండా పోతే చాలు” అన్నాడు చిన్న డాక్టరు. నిద్ర లేక అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

పుండు కొలిచే పని నాది. వాడేసిన ఎక్స్‌రే ఫిల్మును వేడినీళ్ళలో కడిగితే గాజులా తేటగా వస్తుంది. దాన్ని శుభ్రం చేసి, పుండు మీద ఆనించి, అంచు వెంబడి పెన్నుతో గీత గీస్తాను. ఆ గీతను రెండు మిల్లీమీటర్ల గళ్ళ కాగితం మీద పెట్టి గళ్ళు లెక్కపెడతాను. సగం కన్నా ఎక్కువ లోపలుంటే లెక్కలోకి, తక్కువైతే లేదు. ఎవరూ చేయమనలేదు. ‘కొంచెం తగ్గింది’, ‘పర్వాలేదు’ అని కేసు షీటులో రాస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

ఏప్రిల్ 18న ఇంటికి పంపేటప్పుడు మేస్త్రీ పుండు 41 గళ్ళు. మే 27న జ్వరంతో వచ్చాడు: 168. వార్డులో ఉంచుకుంటే తగ్గుతూ వచ్చింది. జూన్ 20న పంపేటప్పుడు 58. ఆగస్టు 3న మళ్ళీ జ్వరం, వాపు, చీము: 236. రైలు మాత్రం ఆగలేదు. పాదంలో చప్పుడు ఎప్పటిలాగే స్పష్టంగా ఉంది.

వార్డులో తగ్గుతుంది, ఇంట్లో పెరుగుతుంది. ఇంత నీటుగా రాసి పెట్టుకున్న అంకెలు చూసి నాకేం తోచిందంటే, ఈ మనిషి ఇంట్లో తిండి దగ్గర దొంగతనం చేస్తున్నాడని. రక్తంలో షుగరు కూడా బాగా ఎక్కువగా వచ్చింది. చీము పడితే షుగరు దానంతట అదే పెరుగుతుందని నేను చదువుకున్నదే, పిల్లలకు పాఠం చెప్పిందే. ఆ రోజు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు, ఎందుకంటే కోపం చాలా హాయిగా ఉంది.

ముప్పై రెండు మంచాల మధ్య నిలబడి అడిగాను. “ఇంటికి పోయి ఏం తింటున్నావు మేస్త్రీ? నిజం చెప్పు.”

అతని భార్య మంచం పక్కనే ఉంది. ఇటుకల బట్టీలోనూ కట్టడాల దగ్గరా పని చేసి గట్టిపడిన మనిషి. “పొద్దున ఒక ముద్ద, మాపటికి ఒక ముద్ద, సంగటి. ఇంగేమీ ల్యా సిస్టరమ్మా. పండగ్గూడా పాయసం నాకలేదు ఆయప్ప.”

“అయితే ఈ పుండు గాలికి పెరుగుతోందా? ఇక్కడ డాక్టరు ఆరు గంటలు నిలబడి కుట్టాడు. నీకు లెక్కే లేదు. ఇట్లాగే ఉంటే నీ కాలు నువ్వే తీసేసుకున్నట్టు.”

మేస్త్రీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పది మంది పనివాళ్ళను అదిలించే మనిషి.

ఆగస్టు 17, సోమవారం, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు తేల్చేశాడు. మోకాలి కింద తీసేయాలి, గురువారం ఉదయం మొదటి కేసు.

“పాదంలో రక్తం బాగా ఆడుతోంది సార్. బైపాస్ పనిచేస్తోంది” అన్నాడు చిన్న డాక్టరు.

“పనిచేస్తోంది. పుండు కూడా పనిచేస్తోంది. రెండు నెలలకొకసారి జ్వరంతో వస్తున్నాడు. వచ్చేసారి చీము రక్తంలో కలిసిపోయాక వస్తాడు. అప్పుడు మనిషినే పోగొట్టుకుంటాం. పుండు ఎందుకు మానడం లేదో నువ్వు చెప్పు, ఆపుతాను.”

చిన్న డాక్టరు కేసు షీటును మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు. నా గళ్ళు ఎంత పెరిగిందో చెబుతాయి, ఎందుకో చెప్పవు. పెద్ద డాక్టరును ఈ కథలో చెడ్డవాడు అనుకోకండి. ఆ రోజు మాకు తెలిసినంతలో ఆయన చెప్పింది సరైన మాటే.

మేస్త్రీ అడిగాడు. “ఒంటికాలితో సెంట్రింగు ఎక్కేకి అయితాదా సార్?”

“కింద కూర్చుని చేసే పని చూసుకోవాలి.”

“కింద కూర్చుని చేసే సెంట్రింగు లేదు సార్” అన్నాడు మెల్లగా. ఎదురు చెప్పినట్టు కాదు. తెలియని మనిషికి పని వివరించినట్టు.

ఆగస్టు 19, బుధవారం, మధ్యాహ్నం మూడున్నర. మర్నాడు ఆపరేషన్ ఉన్న రోగి వస్తువులు ఇంటివాళ్ళకు అప్పగించి, రిజిస్టరులో రాసి, వేలిముద్ర తీసుకోవాలి. అది కూడా నేను పెట్టిన పద్ధతే. మేస్త్రీ భార్యను బల్ల దగ్గర నిలబెట్టి ఒక్కొక్కటే చదువుతూ రాశాను. వెండి మొలతాడు, ఒకటి. తాయెత్తు, ఒకటి. చొక్కా, పంచె. చెప్పులు, జత ఒకటి.

ఆమె అడిగింది. “రెండు చెప్పులూ తీసుకపోవల్లనా సిస్టరమ్మా, ఎడంది ఒగటే చాలునా?”

ఏడుస్తూ అడగలేదు. ఎత్తిపొడుపుగానూ అడగలేదు. ఇంట్లో చోటు తక్కువ, పనికిరానిది మోసుకెళ్ళడం ఎందుకన్నట్టు అడిగింది. ‘జత ఒకటి’ అని రాసిన చోట కలం ఆగిపోయింది.

“ఉండమ్మా, నేనే తెస్తాను” అని లేచి బయటికి వెళ్ళాను. అక్కడి నుంచి తప్పించుకోవడానికే వెళ్ళాను.

స్టాండు కింది అరలో, ఎడమ నుంచి నాలుగో జత. ఆగస్టు 3 నుంచి అక్కడే ఉన్నాయి. తోలు చెప్పులు, అడుగున లారీ టైరు ముక్క కొట్టించినవి. నాలుగేళ్ళలో వేల జతలు వరసలో ఉన్నాయో లేదో చూశాను. ఒక్క జతను చేత్తో ముట్టుకోలేదు. ఆ రోజు వంగి, కుడి చెప్పును బొటనవేలు లోపల పెట్టి ఎత్తాను.

చురుక్కుమంది. బొటనవేలి మీద నెత్తురు చుక్క.

వెలుతురులోకి తెచ్చి చూశాను. పైన ఏమీ కనిపించలేదు. తోలు నల్లగా, నున్నగా, మనిషి పాదం ఆకారానికి అరిగి ఉంది. అరచేత్తో నిమిరినా ఏమీ లేదు. గట్టిగా నొక్కితే మాత్రం సన్నటి మెరిసే మొనలు రెండు పైకి లేచాయి. చెయ్యి తీస్తే మళ్ళీ లోపలికి. టైరు కొట్టిన మొలలు. అడుగు అరిగేకొద్దీ కాలి వైపుకు దిగాయి. మనిషి బరువు పడితేనే పైకి వస్తాయి. ఆ మనిషికి అరికాలు మొద్దు.

లోపలికి వెళ్ళి ఆగస్టు 3 నాటి ఫిల్ము తెచ్చి చెప్పు మీద పెట్టాను. బొటనవేలి గుర్తుకు బొటనవేలి గుర్తు కలిపితే, రెండు మొలలూ పుండు గీత సరిగ్గా మధ్యలో ఉన్నాయి.

వార్డులో ఉన్నన్నాళ్ళూ చెప్పులు నా స్టాండు మీద ఉండేవి. పుండు తగ్గేది. ఇంటికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకునేవాడు. పుండు పెరిగేది. నా పుస్తకంలో అంతా ఉంది. చెప్పుల సంగతి ఒక్కటే లేదు.

“ఈ అడుగు ఎప్పుడు కొట్టించారు?” మేస్త్రీ భార్యను అడిగాను.

“ఫిబ్రవరిలోనే. గట్టి చెప్పులు ఏసుకోమని నువ్వే చెప్పినావు కదా సిస్టరమ్మా? ఆ దినమే చందాపుర సర్కిల్లో కొట్టించుకున్యాడు. ఇంట్లోగూడా ఇడిచేది లేదు. మా అత్త పొయ్యికాడికి చెప్పులేసుకొని వస్తాడని తిట్టి తిట్టి పోసింది. పలకల మీద జారుతాంటే పనోళ్ళు నగినారు. ఐనా ఇడవలేదు. నువ్వు చెప్పినావని.”

అతను చెప్పులు విడిచే చోటు ఈ లోకంలో ఒక్కటే. నా వార్డు గుమ్మం. అందుకని వాటిని మేమెవరమూ చూడలేదు.

చెప్పును దూది, కత్తెరలు పెట్టుకునే కిడ్నీ ట్రేలో పెట్టుకుని, ఫిల్ము చేత పట్టుకుని, ఆపరేషన్ థియేటరు వైపు నడిచాను. ఆ వరండాలోకి చెప్పులు తేకూడదన్న ఇంకొక బోర్డు దాటి వెళ్ళాలి. అదీ నేను రాయించిందే. పెద్ద డాక్టరు తన గదిలో కాఫీ తాగుతున్నాడు. చిన్న డాక్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. స్టెరిలైజ్ చేసిన ట్రేలో పాత టైరు చెప్పు చూసి పెద్ద డాక్టరు కప్పు దించాడు.

“ఏన్ సిస్టర్, ఏమిటిది? ఒంట్లో బాగుందా?”

“బొటనవేలితో ఇక్కడ నొక్కండి సార్.”

“దేనికి?”

“నొక్కండి.”

నాలుగేళ్ళలో నేను ఆయనకు ఒకే మాట రెండుసార్లు చెప్పడం అదే మొదలు. నొక్కాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి మీద నెత్తురు చుక్క చూసుకున్నాడు. ఫిల్ము చెప్పు మీద పెట్టి చూపించాను. పుస్తకం తెరిచి తేదీలు చదివాను. చిన్న డాక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని ఊపిరి నాకు వినిపిస్తోంది.

“దీన్ని ఫిబ్రవరి నుంచి తొక్కుతున్నాడా?”

“అవును సార్. నేను తొక్కమంటే తొక్కాడు.”

పెద్ద డాక్టరు వేలికి దూది అద్దుకున్నాడు. తర్వాత చిన్న డాక్టరు వైపు తిరిగాడు. “రేపు మొదటి కేసు నీది. కాలు తీయడం లేదు. పుండు శుభ్రం చెయ్యి, చెడిన ఎముక ఉంటే అదొక్కటి తియ్యి. సిస్టర్, మూడు వారాలు ఇస్తున్నాను. సగానికి తగ్గాలి. తగ్గకపోతే నేను ఆగను.”

“సగం అంటే ఏ అంకెలో సగం సార్? ఇవాళ 171. రేపు శుభ్రం చేశాక పెరుగుతుంది.”

ఆయన మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది. “శుభ్రం చేశాక వచ్చిన అంకెలో సగం. రాసుకో.”

రాసుకున్నాను.

వార్డుకు తిరిగి వచ్చి మేస్త్రీ మంచం దగ్గర నిలబడ్డాను. తిట్టింది అందరి ముందు కాబట్టి, చెప్పవలసింది కూడా అందరికీ వినపడేలాగే చెప్పాను. “మేస్త్రీ, నువ్వు దొంగతిండి తినలేదు. తప్పు నాది. నీ చెప్పులో మొలలున్నాయి. నేను చూడలేదు. రేపు నీ కాలు తీయడం లేదు.”

అతను లేచి కూర్చుని చెప్పు తీసుకుని, పనివాడి చేత్తో మొలలు తడిమి చూశాడు. జీవితమంతా మొలలతో బతికిన మనిషి. “ముప్పావు అంగుళం మొల. దీనికి అరంగుళమే చాలు” అన్నాడు.

అతని భార్య గట్టిగా ముక్కు చీదింది. “ఏందప్పా, నీ కాలు నీకే చెప్పలేదా?”

“చెప్పేకి దానికి నోరు పోయిండాది కదే.”

పక్క మంచం మీది రోగి మొదట నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆయా మాత్రం తుడుపుకర్ర గోడకానించి నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నది: “వరస చూసినావు, లోపల చూడలేదు. నేనూ అంతే సిస్టర్, ఇద్దరమూ ఇద్దరమే.” ఆమె నన్ను తనతో కలుపుకోవడం ఆ రోజు నాకు చాలా ఊరటగా ఉంది.

మర్నాడు చిన్న డాక్టరు వేరుశనగ బద్దంత చెడిన ఎముక ముక్క తీశాడు. పుండు 190 గళ్ళు అయింది. సగం అంటే 95.

22వ తేదీ, శనివారం, నేను చందాపుర సర్కిల్‌కు వెళ్ళి ఆ చెప్పులు కుట్టే ఆయన్ను పట్టుకున్నాను. చెప్పు చూడగానే గుర్తుపట్టాడు. “నాదే. నేను కొట్టిన మొల ఊడిందని ఒక్కరితో చెప్పించమ్మా, చూద్దాం.”

“ఊడలేదు. అదే తంటా.” సంగతంతా చెప్పాను.

ఆయన చెప్పును ఒడిలో పెట్టుకుని మొలలు నొక్కి చూశాడు. “అంటే నేనే పొడిచినట్టు కదమ్మా.”

“ఇద్దరం కలిసి పొడిచాం. ఇప్పుడు ఇద్దరం కలిసి మొల లేని చెప్పు చేయాలి.”

చిన్న డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. లోపల కాలికి తగిలే చోట మెత్తటి స్పాంజి రబ్బరు, కింద గట్టి రబ్బరు, వెడల్పు పట్టీలు, వెనక మడమకు ఒక పట్టీ. అంతా అతుకు, కుట్టు. మొల ఒక్కటి కూడా లేదు. మొదటి జత బిగుతైంది, రెండోది వదులైంది. మూడో జతను ఆయన తన బొటనవేలితో ప్రతి అంగుళం నొక్కి చూసి, తర్వాత నా చేత నొక్కించి, అప్పుడు ఇచ్చాడు.

ఆగస్టు 27: 149. సెప్టెంబరు 3: 96. ఒక్క గడి ఎక్కువ. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు.

సెప్టెంబరు 10, గురువారం ఉదయం, పెద్ద డాక్టరు, చిన్న డాక్టరు, మేస్త్రీ భార్య, ఆయా, నలుగురూ చూస్తుండగా గీత గీసి, కాగితం మీద పెట్టి, లెక్కపెట్టాను. 52.

“నన్ను లెక్కపెట్టనీ” అని పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తీసుకున్నాడు. ఆయనకు 54 వచ్చింది. అంచు గళ్ళ దగ్గర ఆయన తొందరపడ్డాడు. అయినా నేను వాదించలేదు. ఆయన ఫిల్ము బల్ల మీద పెట్టి చిన్న డాక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. “నీ కుట్టు గెలిచింది. నాకూ నేర్పిస్తావా?” అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అడిగిన మాట అది. ఆ తర్వాత ఆయన నేర్చుకున్నాడు కూడా. పక్కన సహాయానికి నిలబడి, మధ్యలో కాఫీ అడగకుండా.

ఆ మధ్యాహ్నమే బోర్డు దింపించాను. పెయింటరు కొత్తది రాస్తూ మూడుసార్లు అడిగాడు, సరిగ్గానే చెప్తున్నావా సిస్టర్ అని. ‘చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రండి.’ గుమ్మం లోపల ఒక బల్ల, పెద్ద ట్రే, మంచి దీపం పెట్టాను. వచ్చిన ప్రతి షుగరు రోగి చెప్పులూ ముందు ట్రేలో, తర్వాత కాలు స్టూలు మీద. మొదట్లో జనం సిగ్గుపడేవాళ్ళు. ఒకాయన పేపర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు. ఇంకొక పెద్దామె తన చెప్పులు నా చేతికి ఇవ్వనంటే ఇవ్వనన్నది. “నువ్వు నా కాలి చెప్పు పట్టుకుంటే నాకు పాపం తగలదా తల్లీ?” ఆమెతో పదిహేను నిమిషాలు వాదించి తీసుకుంటే అందులో గాజుముక్క ఉంది.

సెప్టెంబరు 28న మేస్త్రీ కొత్త చెప్పులతో ఇంటికి వెళ్ళాడు. అప్పుడు 31 గళ్ళు. అసలు పరీక్ష అదే, ఎందుకంటే వార్డులో ఎప్పుడూ తగ్గేది. అక్టోబరు 5, సోమవారం, వచ్చి స్టూలు మీద కాలు పెట్టాడు. నేను లెక్కపెట్టాను. 19. ఇంటికి వెళ్ళి వచ్చాక అంకె తగ్గడం అదే మొదటిసారి. పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. నా పుస్తకాల్లో ఎక్కడా అలాంటి గీతలు లేవు.

నవంబరు 9: సున్నా.

తర్వాతి ఏళ్ళలో చాలా మారింది. 2003 నాటికి చిన్న డాక్టరు చాలామందికి కాలు కొయ్యకుండానే, తొడ దగ్గర చిన్న రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, బుడగ ఉబ్బించి నాళం తెరిచేవాడు. ఐదు గంటల నలభై నిమిషాల పని గంటన్నరకు వచ్చింది. అప్పటికి అతన్ని చిన్న డాక్టరు అనడం మాకే నవ్వొచ్చేది, తల నెరిసింది. చెప్పులు కుట్టే ఆయన ప్రతి మంగళవారం మా ఆసుపత్రి వరండాలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఊరికి అటు చివర ఉన్న హూడి నుంచి కూడా కంప్యూటరు ఉద్యోగాలు చేసే పిల్లలు తమ పెద్దవాళ్ళ కాలి కొలతలకు వచ్చేవాళ్ళు.

నాకు ఒక్క విషయం బాధగా ఉండేది. తీసేసిన కాళ్ళకు థియేటరులో రిజిస్టరు ఉంది. తీయకుండా మిగిలిన కాళ్ళకు ఎక్కడా రిజిస్టరు లేదు. ఆ కాళ్ళు వాటంతట అవే నడిచి వెళ్ళిపోతాయి. లెక్క రాసుకునే మనిషికి ఇది పెద్ద ఇబ్బంది. అందుకని ఒక ఖాళీ గాజుసీసా పెట్టి, ట్రేలోని చెప్పుల్లోంచి తీసినవన్నీ అందులో వేస్తూ వచ్చాను. మొలలు, గుండుసూదులు, కంప ముళ్ళు, కంకరరాళ్ళు, ఒక చిన్నపిల్ల గౌను గుండీ. మొదటి రెండు మొలలూ మేస్త్రీవి. ఒక్కొక్కటీ ఒక కాలిని కాపాడిందని నేను అనను, అది నాకు తెలియదు. ఇన్ని అక్కడ ఉండకూడదని మాత్రం తెలుసు.

2001లో నాకూ షుగరు వచ్చింది. అప్పటి నుంచి నా చెప్పులు కూడా ట్రేలోకి ఎక్కాయి. పరీక్ష ఆయాది. “సిస్టరైతే ఏమి, చెయ్యి తియ్యి” అని లాక్కునేది.

2007 ఏప్రిల్ 30, సోమవారం, నా ఆఖరి రోజు. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జికి తాళాలు, రిజిస్టర్లు, గళ్ళ పుస్తకాలు అప్పగించి, చివరికి సీసా బల్ల మీద బోర్లించి ఆమె ముందే లెక్కపెట్టాను. 341. ఆమెతో సంతకం పెట్టించుకున్నాను.

మేస్త్రీ, అతని భార్య వచ్చారు. అతనికి అరవై ఒకటి. మా ఆసుపత్రి కొత్త బ్లాకుకు సెంట్రింగు అతనిదే. ఆ పొద్దున రెండో అంతస్తు పలకల మీద నిలబడి, “ఇంగో గుంజ ఎయ్యండ్రా” అని అరవడం నా కిటికీలోంచి విన్నాను. ఆయా పోయిన ఏడాదే రిటైరైంది. చెప్పులు చూసే మనిషి లేదని గుర్తొచ్చి, గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి మేస్త్రీ భార్య అప్పటికే ట్రేలోంచి నా చెప్పులు తీసి పట్టుకుని ఉంది. బొటనవేలు లోపల పెట్టి, మడమ నుంచి వేళ్ళ దాకా, అంగుళం అంగుళం నొక్కుతోంది.

“ఏమీ ల్యా. ఏసుకో సిస్టరమ్మా” అని వంగి నా కాళ్ళ ముందు పెట్టింది.

“రెండూ చూసినావా?” అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నవ్వింది.

“రెండూ.”